నాన్న డైరీలో ఆదివారాలు

నాన్న పోయాక ఆయన ఇనప పెట్టెలో పదహారు డైరీలు దొరికాయి. ఒక్కటీ కొన్నది కాదు. కొత్త సంవత్సరానికి ఇన్సూరెన్స్ ఏజెంటు ఇచ్చినవి కొన్ని, బ్యాంకులో ఇచ్చినవి కొన్ని. సోమవారం నుంచి శనివారం దాకా పేజీలు దాదాపు ఖాళీ. ఉంటే పాల లెక్క, కిరోసిన్ లెక్క. ఆదివారం పేజీ మాత్రం పైనుంచి కిందిదాకా నిండి ఉంటుంది. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో కార్పెంటర్. చెవి మీద ఎర్రటి చదును పెన్సిలు ఒకటి ఎప్పుడూ ఉండేది. చెక్క మీద గీతలు గీసే ఆ పెన్సిలుతోనే చర్చిలో విన్న ప్రసంగాలు కూడా రాసుకునేవాడు. అందుకే అక్షరాలు లావుగా, పేజీ వెనక్కి దిగబడినట్టు ఉంటాయి. ఇన్నేళ్లయినా ఒక్క మాట చెరిగిపోలేదు.

ప్రతి ఆదివారానికీ ఒకటే పద్ధతి. ఎడమ మూల బైబిలు వాక్యభాగం. కుడి మూల ఆ రోజు పాడిన కీర్తనల నంబర్లు. మధ్యలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, చెప్పిన మూడు పాయింట్లు. అప్పట్లో మా అయ్యగార్ల ప్రసంగాలకు మూడు పాయింట్లు ఉండి తీరాల్సిందే. అన్నిటికీ అడుగున స్కేలు పెట్టి అడ్డగీత కొట్టి, కింద "చేయవలసినది" అని రాసి, దాని పక్కన ఒక్క ముక్క.

నన్ను కదలకుండా కూర్చోబెట్టినవి ఆ గీత కింది ముక్కలే. "షెడ్డులో తీసుకున్న 40 రూ. ఇచ్చేయాలి." "పక్క క్వార్టర్ ముసలమ్మకు కుళాయి వాషర్ వేయాలి." 1987లో ఒక పేజీ అడుగున, "చిన్నదాన్ని కొట్టిన. అడగాలి." ఆ చిన్నదాన్ని నేనే. దేనికి కొట్టాడో గుర్తులేదు గానీ, ఆ సాయంత్రం క్వార్టర్ మెట్ల మీద నా పక్కన కూర్చుని, "బిడ్డా, నిన్న కొట్టుడు నాదే తప్పు. ఏమనుకోకు" అన్నది బాగా గుర్తుంది. తొమ్మిదేళ్ల పిల్లను ఒక తండ్రి అలా అడగడం మా లైన్లో ఇంకెక్కడా చూడలేదు. ఆయనంతట ఆయనకు తోచి అడిగాడనే అనుకున్నాను ఇన్నాళ్లూ. డైరీ చూస్తే తెలిసింది, అంతకు ముందు పొద్దున ఒక ప్రసంగం ఉందని.

1989 డైరీలో ఏప్రిల్ 9 పేజీ వేరేగా ఉంది. ఎడమ మూల "యోహాను 21". పాయింట్లు లేవు. మధ్యలో "బొగ్గులు. రెండుసార్లు." అంతే. గీత కింద, చేయవలసినది: "చేప."

ఆ పేజీ గురించి చెబుదామనే కూర్చున్నాను. కానీ మా ఇంట్లో ఆదివారం అంటే ఏమిటో చెప్పకుండా ఆ చేప దగ్గరికి పోలేను.

మాది సికింద్రాబాద్‌లో మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్. రెండు గదులు, ఒక వరండా, వెనక వేపచెట్టు. ఆదివారం అమ్మ నాలుగున్నరకే లేచేది. తొమ్మిదింటి ఆరాధనకు వెళ్లేలోపు బగారా అన్నానికి అన్నీ సిద్ధం కావాలి. ఉల్లిగడ్డలు కోస్తూ కీర్తనలు పాడేది. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్లు మన రాగాల్లోనే కట్టిన పాటలవి. అమ్మ సంగీతం నేర్చుకోలేదు, అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. అయినా ఒక పాట ఎత్తుకుని, "ఇది ఆనందభైరవి కదా, ఇంత గట్టిగ పాడొద్దు, మెల్లగ పోవాలె" అని మాకు చెప్పేది. మంటకు దూరంగా పెట్టిన గిన్నెలో నెయ్యి కరిగే వాసనతో పాటు ఆ పాటలు మా దుప్పట్లలోకి వచ్చేవి. ఇప్పటికీ పుదీనా వేగుతుంటే నాకు ముందు గుర్తొచ్చేది భోజనం కాదు, ఆరాధనకు ఆలస్యమవుతోందన్న కంగారు.

నాన్న ఆదివారం పనిముట్టు ముట్టేవాడు కాదు. మేకు ఊడినా సోమవారం దాకా ఆగాల్సిందే. తెల్ల చొక్కా శనివారం రాత్రే ఇస్త్రీ అయిపోయేది. బైబిలు చంకలో, డైరీ చేతిలో, పెన్సిలు చెవి మీద. నలుగురం వరసగా నడిచి వెళ్లేవాళ్లం. చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, పిల్లలం ముందు చాప మీద.

మా తరానికి గ్రాంథికం నేర్పింది బడి కాదు, పరిశుద్ధ గ్రంథమే. "నాకు లేమి కలుగదు" అనే మాట మూడేళ్లకే నోటికి వచ్చేది. లేమి అంటే ఏమిటో మాత్రం ఇంకో పదేళ్లకు తెలిసేది. ప్రధాన యాజకుడి ఇంటి దగ్గర "బంట్రౌతులు" చలి కాచుకుంటున్నారని చదివినప్పుడల్లా, నాన్న ఆఫీసులో ఖాకీ చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చునే బంట్రోతు తాత నా కళ్ల ముందుకొచ్చేవాడు. యెరూషలేములో కూడా అలాంటి తాతలే ఉన్నారనుకునేదాన్ని.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక అసలు పరీక్ష. నాన్న ముద్ద కలుపుతూ, "ఇయ్యాల అయ్యగారు ఏం చెప్పిన్రు?" అని అడిగేవాడు. ఒక్కొక్కరం ఒక్కొక్క మాట చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. అక్క ఎప్పుడూ ముందుగా "ప్రేమ గురించి" అనేసేది. ఏ ప్రసంగానికైనా అది సరిపోతుంది మరి! మిగిలింది నేను వెతుక్కోవాలి. దాంతో చాప మీద కూర్చుని నేను నిజంగానే వినడం మొదలుపెట్టాను. దానికి ఈ రోజుకీ అక్కకు రుణపడి ఉన్నాను. అమ్మ వంతు వస్తే మాత్రం ప్రసంగం సంగతి చెప్పేది కాదు. "అయ్యగారు బాగ సన్నబడ్డరు. దగ్గు తగ్గలేదు. బుధవారం కషాయం పంపాలె" అనేది. నాన్న దానికీ తల ఊపి, అదీ లెక్కలోకే వేసుకునేవాడు.

ఏడాదంతా చర్చి క్యాలెండరే మా క్యాలెండర్. ఈస్టర్‌కు ముందు శ్రమకాలం నలభై రోజులు ఇంట్లో మాంసం లేదు. శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటలు, మాటకొకరు చొప్పున ఏడుగురు చెప్పేవారు. నాలుగో మాట వచ్చేసరికి పిల్లల పెదాలు ఎండిపోయేవి. హార్వెస్ట్ పండుగకు గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు వేలం వేసేవారు. ఒక గుమ్మడికాయను పాడుకున్నవాళ్లు మళ్లీ కానుకగా ఇచ్చేస్తే అది మూడుసార్లు వేలానికి వచ్చేది. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన వచనం కార్డు తీసుకోవడం, అది ఏడాదంతా గోడ మీద ఉండడం.

క్రిస్మస్ సెలవుల్లో ఒకసారి మెదక్ చర్చి చూపించడానికి తీసుకెళ్లాడు నాన్న. మా మూలాలు ఆ వైపువే. మిషనరీ పోస్నెట్ దొర పూనుకుని 1914 నుంచి పదేళ్లు కట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించిన చర్చి అది. కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టాలని మొదలైన కట్టడం. మా ముత్తాత అక్కడ రాళ్లు మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. రంగుటద్దాల కిటికీల్లోంచి ఎండ పడి నేల మీద నీలం, ఎరుపు పరుచుకుని ఉంది. అందరూ తలలెత్తి కిటికీలు చూస్తుంటే నాన్న వంగి స్తంభం అడుగు రాయిని అరచేత్తో తడుముతున్నాడు. "మన ముత్తాత వాక్యం ఇన్నది తర్వాత బిడ్డా. ముందు ఈడ అన్నం తిన్నడు" అన్నాడు.

ఆ మాట అన్నది 1986 క్రిస్మస్‌కో, 87కో. తర్వాత జరిగినదానికి అది కూడా అవసరమే.

రాత్రి కుటుంబ ప్రార్థన అమ్మది. వరసగా పేర్లు ఎత్తేది. ఊళ్లో అమ్మమ్మ, మామయ్యలు, అయ్యగారు, అమ్మగారు, వాషర్ వేయించుకున్న ముసలమ్మ. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట, "మల్కాజిగిరిల ఉన్నోళ్లను కూడ జ్ఞాపకం చేసుకో ప్రభువా." పేరు ఉండదు. నాన్న ఆమేన్ అనేవాడు, కొంచెం ఆగి. మల్కాజిగిరి అంటే మిషనరీలు వెళ్లే దూరదేశం అనుకున్నాను చాలాకాలం. నడిస్తే ముప్పావు గంట దూరం. అక్కడ ఉన్నది నాన్న సొంత అన్న.

పెద్దనాన్నను నేను పదకొండేళ్లు వచ్చేదాకా చూడలేదు. ఇద్దరూ ఒకే వర్క్‌షాప్. ఒకే సైరన్‌కు లోపలికి పోయి ఒకే సైరన్‌కు బయటికొచ్చేవారు. మాటల్లేవు. ఎందుకో మాకు చెప్పలేదు, మేము అడగలేదు. వాళ్లు వేరే చర్చికి వెళ్లేవారు.

ఇక ఆ ఏప్రిల్ 9. ఈస్టర్ అయిన రెండో ఆదివారం. మా అయ్యగారు ఊళ్లో లేరు. రిటైరైన పెద్ద అయ్యగారొకరు వాక్యం చెప్పడానికి వచ్చారు. సన్నగా, చేతులు వణుకుతూ, గొంతు మాత్రం స్థిరంగా. యోహాను సువార్త 21వ అధ్యాయం చదివించారు. తిబెరియ సముద్రం, రాత్రంతా వల వేసినా ఏమీ పడకపోవడం, తెల్లవారుతుండగా ఒడ్డున యేసు, కుడి పక్కన వల వేయమనడం, 153 చేపలు. ఆ 153కు అర్థాలు చెప్పే ప్రసంగాలు అంతకు ముందూ విన్నాను, తర్వాతా విన్నాను. "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడగడం మీద, అక్కడ గ్రీకులో ఉన్న రెండు వేరు వేరు ప్రేమల మీద ఇంకా ఎక్కువ విన్నాను. ఆయన వాటి జోలికి పోలేదు. తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోయారు. శిష్యులు ఒడ్డుకు దిగేసరికి అక్కడ "నిప్పులును వాటిమీద ఉంచబడిన చేపలును రొట్టెయు కనబడెను."

"ఈ నిప్పులు దేనివి?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. "బొగ్గులవి" అని ఆయనే చెప్పారు. గ్రీకులో ఇక్కడున్న మాట అంత్రాకియా, అంటే బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట రెండేచోట్ల ఉందట. ఒకటి ఇక్కడ. రెండోది ఇదే సువార్త 18వ అధ్యాయంలో, యేసును పట్టుకెళ్లిన రాత్రి ఆయన శిష్యుడు పేతురు ప్రధాన యాజకుడి ముంగిట్లో చలి కాచుకుంటూ "నేను ఆయన మనిషిని కాను" అన్నచోట. మన తెలుగులో అక్కడ మంట అని, ఇక్కడ నిప్పులు అని ఉండడం వల్ల మనకు కనిపించదు, చదివే గ్రీకువాళ్లకు మాత్రం ఒకే వాసన వస్తుంది, అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. పేతురు పడవ దిగి వస్తుంటే ముందు ముక్కుకు తగిలింది ఆ బొగ్గుల వాసనే అయి ఉంటుంది. ఏ నిప్పు దగ్గర అబద్ధమాడాడో ఆ వాసనే. ఏ మనిషైనా అక్కడినుంచి వెనక్కి తిరిగిపోవాలనుకుంటాడు. యేసు ఏమడిగాడు? ఆ రాత్రి సంగతి ఎత్తలేదు. "రండి భోజనము చేయుడి" అన్నాడు. మూడు ప్రశ్నలూ భోజనమయ్యాకే. ఆకలిగా ఉన్నవాణ్ని నిలబెట్టి లెక్క అడగలేదు ఆయన. ఇలా చెప్పి, పెద్ద అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీలో ఎవరికైనా అట్లాంటి బొగ్గుల వాసన తగిలే చోటు ఉంటే, ఎన్నేళ్లు చుట్టు తిరిగి పోతారు?" అని కూర్చున్నారు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. సంఘం ఇంకా ఉందనుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

నేను నాన్న వైపు చూశాను, ఎన్ని పాయింట్లు రాశాడో చూద్దామని. పెన్సిలు కాగితం మీదే ఉంది. కదలడం లేదు.

చర్చి అయ్యాక ఇంటి వైపు తిరగలేదు. అమ్మనూ అక్కనూ పొమ్మన్నాడు. పక్కింటి వాళ్ల సైకిలు అడిగి తీసుకుని, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు తొక్కాడు. తెల్ల చొక్కాతో చేపల మార్కెట్! ఆదివారం అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. నేలంతా తడి, మంచుగడ్డల పొట్టు, తొట్టెల్లో కొర్రమీనులు ఎగిరిపడే చప్పుడు, కత్తిపీటల ముందు కూర్చున్న ఆడవాళ్ల కేకలు. నాన్న నాలుగైదు చోట్ల మొప్పలు ఎత్తి చూసి, ఒక బొచ్చె చేప తీసుకున్నాడు. మూడు కిలోలు. కోసే ఆమె, "తలకాయ రెండు చేయాల్నా సారూ?" అని అడిగితే, "వద్దమ్మా, నిండుగ ఉండనీ" అన్నాడు. ఆమె పొలుసు గీకుతుంటే ఎగిరి నాన్న జేబు మీద రెండు పొలుసులు అంటుకున్నాయి. ఆయన చూసుకోలేదు. దారి పొడుగునా ఎండకు అవి మెరుస్తూనే ఉన్నాయి, నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చి గుమ్మంలోంచే, "మల్కాజిగిరి పోదాం, లేవండి" అన్నాడు. అమ్మ ఏమీ అడగలేదు. బగారా అన్నం గిన్నెను గిన్నెలాగే పాత చీరముక్కలో మూట కట్టింది. ఆటోలో అమ్మ ఒళ్లో ఆ వేడి గిన్నె, నాన్న కాళ్ల దగ్గర చేప సంచి, మధ్యలో అక్కా నేనూ. అక్క చెవిలో "ప్రేమ గురించి" అన్నాను. నవ్వలేదు. దానికి పదిహేనో ఏడు, నాకంటే ఎక్కువ తెలిసే ఉంటుంది.

పెద్దనాన్న రేకుల ఇంటి ముందు లుంగీతో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. అచ్చం నాన్నలాగే ఉన్నాడు, ఇంకొంచెం నల్లగా. మమ్మల్ని చూసి లేవలేదు, మొహం తిప్పుకోలేదు. నాన్న ఆయనతో ఏమీ అనలేదు. లోపలి నుంచి వచ్చిన పెద్దమ్మ వైపు సంచి చాపి, "వదినా, చేప తెచ్చిన. పులుసు పెడ్తవా?" అన్నాడు.

పెద్దమ్మ సంచి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. పెద్దనాన్న గొంతు సవరించుకుని, "తమ్మీ, ఎండకు పడి వచ్చినవ్. ముందు నీళ్లు తాగు" అన్నాడు.

పులుసు అయ్యేసరికి గంటన్నర పట్టింది. అక్క ఇప్పుడు ఈ సంగతి చెప్పేటప్పుడు పెద్దమ్మ బొగ్గుల కుంపటి మీద వండిందంటుంది. కాదు. నాకు బాగా గుర్తుంది, ఆకుపచ్చ కిరోసిన్ స్టవ్వు, పంపు కొట్టేది. ప్రసంగం విన్న మనసు అక్కడ బొగ్గులు పెట్టుకుంటుంది అంతే. చింతపండు రసం పోసి, మెంతులు వేయించి దంచి చల్లి, గరిటె పెడితే ముక్క విరుగుతుందని గిన్నెనే రెండు చేతులా పట్టుకుని తిప్పుతోంది. అమ్మ పక్కన కూర్చుని ఉల్లిగడ్డ నూరుతోంది. ఇద్దరూ నిన్న సాయంత్రం విడిపోయినవాళ్లలాగే మాట్లాడుకుంటున్నారు.

వరండాలో మాత్రం మాటలు లేవు. అన్నదమ్ములిద్దరూ ఒకే మంచం మీద చెరో చివర. నాన్న కాసేపు కాళ్ల వైపు చూస్తూ కూర్చుని, తర్వాత మంచం కోడు పట్టుకుని ఊపి చూశాడు. వదులుగా ఉంది. "అన్నా, సుత్తె ఉన్నదా?" అన్నాడు. ఆదివారం పనిముట్టు ముట్టని మనిషి! పెద్దనాన్న లోపలికి పోయి సుత్తె తెచ్చాడు. నాన్న చెవి మీది పెన్సిలు తీసి గుర్తు పెట్టాడు, ఒక చెక్కముక్కను చాకుతో చెక్కి బెజ్జంలో దిగ్గొట్టాడు. పెద్దనాన్న మంచాన్ని రెండో పక్క గట్టిగా పట్టుకున్నాడు. కొడుతుంటే ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి. అప్పుడేమైనా అనుకున్నారేమో మాకు వినపడలేదు. సుత్తె చప్పుడే.

అందరం చాపల మీద కూర్చున్నాం. పెద్దవాడు కాబట్టి ప్రార్థన పెద్దనాన్నదే. "ప్రభువా, తమ్ముడు వచ్చిండు. నీకు వందనాలు. ఆమేన్." అంత చిన్న ప్రార్థన నేను మళ్లీ వినలేదు. తర్వాత ఆయనే గరిటె తీసుకుని తలకాయ ముక్క ఎత్తి నాన్న పళ్లెంలో వేశాడు. "నువ్వే తినాలె అన్నా" అని నాన్న పళ్లెం జరుపుకోబోతే, "చిన్నప్పటి సంది తలకాయ నీకే గదరా" అన్నాడు. నాన్న తల ఎత్తకుండా తిన్నాడు. అన్నంలో కన్నీళ్లు పడుతుంటే అలాగే కలుపుకుని తిన్నాడు. మేము పిల్లలం అయిదుగురం చూడనట్టు ముళ్లు తీసుకుంటూ కూర్చున్నాం.

ఆ తర్వాత మేము మామూలు చుట్టాలమైపోయాం. పండుగలు, పెళ్లిళ్లు, చేబదుళ్లు. నాన్న 2012లో పోయాడు, పెద్దనాన్న ఏడేళ్లకు. ఇద్దరూ భోయిగూడ సమాధుల తోటలోనే ఉన్నారు, నాలుగు వరసల తేడాతో.

నేనిప్పుడు ప్రసంగాలు ఎక్కువగా ఫోన్లోనే వింటున్నాను, మెట్రోలో పనికి పోతూ. 2017 చివర మెట్రో వచ్చినప్పటి నుంచి రోజూ మెట్టుగూడ మీదుగానే నా ప్రయాణం. పైనుంచి క్వార్టర్స్ కప్పులు కనబడతాయి. మంచి మంచి ప్రసంగాలు వింటున్నాను, ఎక్కడెక్కడివో. దిగేటప్పుడు ఆపేస్తాను, మళ్లీ ఎక్కేటప్పుడు ఇంకొకటి. గీత కొట్టి కింద ఏమీ రాసుకోవడం లేదు. భోజనాల దగ్గర నన్నెవరూ అడగడం లేదు, నేనూ నా కొడుకును అడగడం లేదు. ఈ సంగతి నాకు బాధగానే ఉంది.

మొన్నటి ఈస్టర్‌కు తెల్లవారుజామున మామూలుగానే సమాధుల దగ్గరికి వెళ్లాం. ఇంకా చీకటి. ఎక్కడ చూసినా కొవ్వొత్తులు, బంతిపూలు, మెల్లగా పాడుకునే గొంతులు. పెద్దమ్మకు ఎనభై దాటాయి. నా చెయ్యి పట్టుకుని నాన్న సమాధి గట్టు మీద కూర్చుంది. డైరీలో ఆ పేజీ సంగతి చెప్పి, బొగ్గులు రెండుసార్లంటే పేతురు సంగతే కదా పెద్దమ్మా అన్నాను.

"పేతురు సంగతే. మీ నాన్న సంగతి కూడ" అంది.

1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దాదాపు 17 లక్షల మంది పని ఆపేశారు. ఇది నేను పుస్తకాల్లో చదువుకున్నదే. వేలమందిని అరెస్టు చేశారు, ఇరవై రోజులకు సమ్మె విరమించారు. పెద్దనాన్న సమ్మెలో ముందు వరసలో ఉన్నాడని పెద్దమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. అమ్మకు అప్పుడు ఏడో నెల, కడుపులో అక్క. నాన్న భయపడ్డాడు. నాలుగో రోజు పనికి పోయాడు.

"గేటు కాడ ఆఫీసరు ఆపిండంట. వాడు నీ అన్ననే గదా, యాడున్నడో చెప్పు అన్నడంట. మీ నాన్న, నాకు వానితోని ఏ సంబంధం లేదు సార్ అని లోపటికి పోయిండు. మీ పెద్దనాన్న రోడ్డుకు ఇవుతల చెట్టు కిందనే నిలబడి ఉన్నడు బిడ్డా. ఇన్నడు."

పెద్దనాన్న ఉద్యోగం పోయింది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి, మధు దండావతే రైల్వే మంత్రి అయ్యాక సమ్మెలో తీసేసినవాళ్లను మళ్లీ తీసుకున్నారు, అప్పుడు తిరిగి వచ్చింది. మధ్యలో మూడేళ్లు రోడ్డు పక్కన చాయ్ బండి పెట్టాడట.

"బొగ్గుల పొయ్యి" అంది పెద్దమ్మ. "పొద్దుగాల ఏడింటికి రాజేస్తే పొగ రోడ్డు మీదికంత పోయేది. మీ నాన్న డ్యూటీకి ఆ తొవ్వనే పోవాలె. సైకిల్ దిగి, అవుతలి పక్కకు పోయి, తలకాయ వంచుకుని నడుచుకుంట పోయేటోడు. మూడేండ్లు. మీ పెద్దనాన్న రోజు చూసెటోడు. వాని కోసం ఒక గ్లాసు పక్కకు పెట్టు, ఏదో ఒకనాడు వస్తడు అనెటోడు నాతోని."

"చేప తెచ్చిన దినం అడిగిండా పెద్దమ్మా, ఆ గేటు మాట?"

"ఏమడుగుతడు? వచ్చిండు గదా."

ఆమె లేచి, నాన్న సమాధి మీద గాలికి ఆరిన కొవ్వొత్తిని పక్కదానితో వెలిగించి, కొంగు అడ్డం పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత నాలుగు వరసలు దాటి పెద్దనాన్న దగ్గరికి మెల్లగా నడిచాం.

ఇంటికొచ్చి 1989 డైరీ మళ్లీ తీశాను. ఏప్రిల్ 9 పేజీలో, ఇంతకు ముందు నేను పట్టించుకోని లెక్క ఒకటి అంచున ఉంది: చేప 66, ఆటో 7. పేజీ తిప్పితే వారమంతా ఖాళీ. ఏప్రిల్ 16, ఆదివారం. వాక్యభాగం లేదు. కీర్తనల నంబర్లు లేవు. పదహారు డైరీల్లో ప్రసంగం రాసుకోని ఆదివారం అదొక్కటే. లావు పెన్సిలుతో పేజీకి అడ్డంగా ఒక వరస ఉంది.

"అన్నవాళ్లు వచ్చిన్రు. భోజనానికి తొమ్మిది మందిమి."